ఎత్తి చూస్తేగానీ చెప్పలేం!

ఇంజిన్ పోయిన కారు షెడ్డుకు చేరిన మర్నాటి నుంచే ఇంట్లో పంచాయితీ మొదలవుతుంది. ‘బాగు చేయిద్దాం, ఇంకో ఐదేళ్లు తిరుగుతుంది’ అంటాడు ఇంటాయన. ‘ఆ డబ్బుకు ఇంకొంచెం కలిపితే వేరే బండే వస్తుంది కదండీ’ అంటుంది ఇల్లాలు. ‘పాత సామాన్ల వాళ్లకు ఇచ్చేద్దాం నాన్నా’ అంటాడు కొడుకు. ముగ్గురి మాటా సబబుగానే ఉంటుంది. చిక్కంతా అక్కడే! పోనీ మేస్త్రీని అడుగుదామా అంటే, నూనె చేతులు గుడ్డకు తుడుచుకుంటూ ఆయన చెప్పేది ఒకటే మాట. ‘ఎత్తి చూస్తేగానీ చెప్పలేం సార్.’

హిందూపురం, పెనుకొండ, ధర్మవరం... ఈ మూడు ఊళ్ల షెడ్లలో ఏ ఎండాకాలంలో చూసినా ఇలాంటి కార్లు కనిపిస్తాయి. ధర్మవరం నుంచి పట్టుచీరల మూటలు వేసుకుని బెంగళూరు పోయొచ్చేవాళ్లు, హిందూపురం మార్కెట్టుకు చింతపండు, బెల్లం పనిమీద తిరిగేవాళ్లు, లేపాక్షి చూడ్డానికి బంధువుల్ని తిప్పేవాళ్లు... అందరికీ కారు అవసరమే. విచిత్రం ఏంటంటే ఇదే దారిలో పెనుకొండ మండలం ఎర్రమంచి దగ్గర ఏడాదికి 3 లక్షల కార్లు తయారుచేసే సత్తా ఉన్న కియా కర్మాగారం ఉంది. 2019లో మొదటి సెల్టోస్ అక్కడి నుంచే బయటికొచ్చింది. 44వ నంబరు జాతీయ రహదారి మీద కొత్త కార్లను మోసుకెళ్లే పొడవాటి లారీలు ఒకవైపు పోతుంటే, అదే రోడ్డు పక్క చెట్టు కింద బానెట్ ఎత్తి నిలబడ్డ పదేళ్ల నాటి కారు ఇంకోవైపు. కొత్తది కళ్లముందే తయారవుతోంది కదాని అందరూ కొనలేరు. పాతదాన్నే ఎన్నాళ్లు ఈడ్చాలన్నదే అసలు ప్రశ్న.

ఉదాహరణకు ధర్మవరంలో చీరల వ్యాపారం చేసే కుటుంబం ఒకటుందనుకుందాం. వాళ్లది 2014లో కొన్న డీజిల్ డిజైర్. మే నెల మధ్యాహ్నం బెంగళూరు నుంచి తిరిగొస్తూ కొడికొండ చెక్‌పోస్టు దాటారు. ఏసీ వేసి ఉంది. లోపల ఐదుగురు, డిక్కీలో సామాను. రేడియేటర్ పైపు ఒకటి చిట్లింది. నీళ్లన్నీ కారిపోయాయి. ముందు వేడి ముల్లు పైకి లేచింది. కాసేపటికి దానంతటదే కిందికి దిగింది. ‘తగ్గిందిలే, పెనుకొండ ఎంతో దూరం లేదు, అక్కడ చూపిద్దాం’ అనుకుని పోనిచ్చారు. పెనుకొండ చేరకముందే బండి ఆగిపోయింది.

ముల్లు కిందికి దిగడం వేడి తగ్గినందుకు కాదు. వేడిని కొలిచే సెన్సర్ నీళ్లలో మునిగి ఉంటేనే సరిగ్గా చెబుతుంది. నీళ్లు పూర్తిగా పోయాక దాని చుట్టూ మిగిలేది గాలీ ఆవిరీ. అందుకే ఇంజిన్ కాలిపోతున్నా ముల్లు చల్లగా కనిపించవచ్చు. ఆ చివరి ఏడెనిమిది కిలోమీటర్లే కొంప ముంచుతాయి. పైపు చిట్లిన చోటే ఆపి ఉంటే ఖర్చు పైపుతో, నీళ్లతో పోయేది. నడిపిన ప్రతి కిలోమీటరూ వేలల్లోకి, తర్వాత లక్షల్లోకి తీసుకెళుతుంది.

ఆ బండిలో ఉన్న ఇంజిన్ సంగతి కూడా చెప్పుకోవాలి. 1248 సీసీ డీజిల్. పుట్టుక ఫియట్‌ది. మారుతి స్విఫ్ట్, డిజైర్లలోనూ టాటా ఇండికా విస్టాలోనూ ఇదే తిరిగింది. ఇన్ని రకాల కార్లలో వాడారు కాబట్టి దీన్ని సరదాగా ‘జాతీయ ఇంజిన్’ అనేవాళ్లు. 2020 ఏప్రిల్ 1న బీఎస్-6 నిబంధనలు వచ్చేసరికి మారుతి డీజిల్ కార్లకు స్వస్తి చెప్పింది. ఇంజిన్ రావడం ఆగినా విడిభాగాలు, దాన్ని విప్పి బిగించడం వచ్చిన మేస్త్రీలు మాత్రం ఊరూరా ఉన్నారు. బాగుచేయించాలా వద్దా అన్న లెక్కలో ఇది పెద్ద అంశం. అరుదైన విదేశీ మోడల్‌కు అదే దెబ్బ తగిలితే ఒక్క సామాను కోసం నెల రోజులు ఎదురుచూడాల్సి రావచ్చు.

విప్పకముందే తెలిసేవి

‘ఎత్తి చూస్తేగానీ’ అన్న మాట నిజమే. కానీ పూర్తి నిజం కాదు. హెడ్డు ఎత్తకముందే తెలుసుకోగలిగినవి చాలా ఉన్నాయి. మంచి మేస్త్రీ అయితే ముందు అవే చూస్తాడు.

మొదట ఆయిల్ పుల్ల తీయాలి. ఆయిల్ నల్లగా ఉంటే భయం లేదు, డీజిల్ బండిలో అది మామూలే. పాలు పోసిన కాఫీలా ఉంటే నీళ్లు ఆయిల్లో కలిశాయన్నమాట. హెడ్డుకీ బ్లాకుకీ మధ్య ఉండే గ్యాస్కెట్ పోయి ఉండాలి. లేదా హెడ్డో బ్లాకో చిట్లి ఉండాలి. ఆ స్థితిలో బండి స్టార్ట్ చేసి చూద్దామనే ఉబలాటం ఎవరికీ పుట్టకూడదు. నీళ్లు కలిసిన ఆయిల్‌తో బేరింగులు నిమిషాల్లో అరిగిపోతాయి.

తర్వాత క్రాంక్ పుల్లీ నట్టుకు స్పానర్ పెట్టి చేత్తో తిప్పి చూస్తారు. తిరిగితే సగం గండం గడిచినట్టే. అసలు కదలకపోతే లోపల పిస్టన్ పట్టేసి ఉంటుంది, లేదా క్రాంక్ బేరింగులు కరిగి అతుక్కుని ఉంటాయి. ‘సీజ్ అయింది’ అని షెడ్లలో అనేది దీన్నే.

తిరుగుతుంటే కంప్రెషన్ చూడాలి. ఒక్కో సిలిండర్లో ఎంత ఒత్తిడి పుడుతోందో గేజితో కొలుస్తారు. ఇందులో అంకె ఎంతన్నది ఒక సంగతైతే, సిలిండర్ల మధ్య తేడా ఎంతన్నది అంతకంటే ముఖ్యం. పక్కపక్కనున్న రెండింటిలో ఒత్తిడి పడిపోతే ఆ రెండింటి మధ్య గ్యాస్కెట్ తెగిందని అనుమానించాలి. పెట్రోలు బండయితే ఇంకో చిట్కా ఉంది. ఒత్తిడి తక్కువున్న సిలిండర్లో చెంచాడు ఆయిల్ పోసి మళ్లీ కొలుస్తారు. ఒత్తిడి పెరిగితే పిస్టన్ రింగులు అరిగాయని అర్థం. పెరగకపోతే తప్పు పైన, వాల్వుల దగ్గరో గ్యాస్కెట్ దగ్గరో ఉంది. చెంచాడు ఆయిల్‌తో పైపనా, కింది పనా అన్నది తేలిపోతుంది!

ఆఖరుది, చాలామంది వదిలేసేది... కిందున్న ఆయిల్ చాంబర్ విప్పి చూడటం. అడుగున మెరిసే లోహపు పొడి ఉందంటే బేరింగులు అరిగినట్టే. ముక్కలే కనిపిస్తే ఇక పైన ఎంత తక్కువ ఖర్చుతో అతుకులేసినా లాభం లేదు. ఇది చూడకుండా హెడ్డు పని ఒక్కటే చేయించి, నెల తిరక్కుండా కింది పనికి మళ్లీ షెడ్డుకొచ్చే బండ్లు ఉంటాయి. డబ్బు రెండుసార్లు, కూలీ రెండుసార్లు.

ఎంతవరకు పోయింది?

హెడ్డు దించాక దాని అడుగుభాగం మీద ఉక్కు స్కేలు నిలబెట్టి, సందులో పల్చటి గేజి రేకు దూర్చి చూస్తారు. చాలా కంపెనీల మాన్యువళ్లు ఒప్పుకునే వంపు 0.05 మిల్లీమీటర్ల దరిదాపుల్లో ఉంటుంది. మనిషి వెంట్రుక మందం కూడా లేనట్టే. అల్యూమినియం హెడ్డు వేడికి అంతకంటే ఎక్కువ వంగితే లేత్ మిషన్ మీద చదును చేస్తారు. దాన్నే ఫేసింగ్ అంటారు. వంపు మరీ ఎక్కువైతే, లేక పగులు ఉంటే హెడ్డే మార్చాలి. గ్యాస్కెట్, ఫేసింగ్‌లతో ముగిస్తే అది తేలిక కేసు. ఇంజిన్ కిందికి దించే పనే ఉండదు.

సిలిండర్ గోడల మీద గోరుకు తగిలేంత గీతలుంటే అది రెండో అంచె. ‘బోరుకొచ్చింది’ అంటారు. బోరు కాస్త పెద్దది చేసి, దానికి తగ్గ ఓవర్‌సైజు పిస్టన్లు వేస్తారు. కొన్ని ఇంజిన్లకు స్లీవులు దింపుతారు. క్రాంకు అరిగితే గ్రైండింగ్ చేయించి, ఆ సైజుకు బేరింగులు మారుస్తారు. ఇక్కడ యజమాని అడగాల్సిన ప్రశ్న ఒకటుంది. ‘క్రాంకు ఇంకా స్టాండర్డ్ సైజులోనే ఉందా, ఇంతకుముందే గ్రైండ్ చేశారా?’ రెండో చేతి నుంచి మూడో చేతికి మారిన బండిలో ఎవరో ఎప్పుడో ఒకసారి ఆ పని చేసి ఉంటే, ఇంకోసారి చేయడానికి మందం మిగలకపోవచ్చు.

మూడోది చెప్పాల్సిన పనిలేదు. కనెక్టింగ్ రాడ్డు విరిగి బ్లాకును పొడుచుకుని బయటికొస్తే ఆ ఇంజిన్ పని అయిపోయినట్టే. అప్పుడు ప్రశ్న ‘బాగు చేయాలా’ అని కాదు, ‘వేరే ఇంజిన్ వేయాలా, బండే వదిలించుకోవాలా’ అని.

లెక్క ఎక్కడ తప్పుతారంటే...

చాలా ఇళ్లలో వేసే లెక్క ఇది. ‘బండి విలువ రెండు లక్షలు. రిపేరు లక్ష. సగం ధర రిపేరుకే పోతే ఎందుకు?’ వినడానికి బాగుంది. కానీ ఇంజిన్ పోయాక ఆ బండి విలువ రెండు లక్షలు కాదు కదా! పోల్చాల్సింది వేరే రెండు అంకెల్ని. ఇంజిన్ పోయిన స్థితిలో, ఉన్నదున్నట్టు అమ్మితే ఎంతొస్తుంది? బాగుచేయించాక అమ్మితే ఎంతొస్తుంది? ఆ రెండింటి తేడా రిపేరు ఖర్చుకంటే ఎక్కువుంటే బాగుచేయించడం నష్టం కాదు.

ఆ ధర్మవరం బండికే అంకెలు వేసి చూద్దాం. ఇవి లెక్క కోసం అనుకున్నవే, ఎవరి ధరలు వాళ్లు వేసుకోవాలి. నడిచే స్థితిలో రెండున్నర లక్షలు పలుకుతుందనుకుందాం. ఇంజిన్ పోయింది కాబట్టి ఎవరైనా 80 వేలకు అడుగుతారు. తేడా లక్షా 70 వేలు. పూర్తి ఇంజిన్ పని లక్షా 10 వేలయితే చేయించడమే మేలు. అదే 2006 నాటి పెట్రోలు బండి... నడిస్తే 70 వేలు, నడవకపోతే 30 వేలు, పనికి 60 వేలు. 40 వేల తేడా కోసం 60 వేలు పెట్టినట్టు. ఇక్కడ కొడుకు మాటే రైటు.

మరి ఇల్లాలి మాట? ‘ఇంకొంచెం కలిపితే వేరే బండి’ అన్నది తేలిగ్గా కొట్టిపారేసేది కాదు. అయితే ఆ వేరే బండి కూడా సెకండ్ హ్యాండే అయితే దాని ఇంజిన్ చరిత్ర ఎవరికి తెలుసు? సొంత బండికి టైర్లు ఎప్పుడు మార్చారో, క్లచ్ ఎప్పుడు వేశారో ఇంట్లోవాళ్లకు తెలుసు. తెలిసిన బండిలో కొత్తగా చేయించిన ఇంజిన్, తెలియని బండిలో తెలియని ఇంజిన్ కంటే చాలాసార్లు నయం. ఒక్క షరతు. మిగతా బండి బాగుండాలి. తలుపుల కింద తుప్పు, సస్పెన్షన్ మోత, గేరుబాక్సు గోల ఉంటే ఇంజిన్ ఒక్కటే బాగుచేసి ప్రయోజనం లేదు.

ఇంకో పొరపాటు కూడా జరుగుతుంది. ‘పోయిన నెలే నాలుగు టైర్లూ కొత్తవి వేయించాం, ఇప్పుడు వదిలేస్తే ఎట్లప్పా?’ అనేవాళ్లు చాలామంది. టైర్ల డబ్బు ఎటూ ఖర్చయిపోయింది. రిపేరు చేయించినా చేయించకపోయినా అది వెనక్కి రాదు. అమ్మేటప్పుడు ఆ టైర్లకు నాలుగు రాళ్లు ఎక్కువ అడగడం వేరు, వాటి కోసం లక్ష పెట్టడం వేరు.

కాగితాల ఆయుష్షు కూడా చూడాలి. సొంత కారు రిజిస్ట్రేషన్ 15 ఏళ్లకే. 2014 బండికి 2029 దాకా ఢోకా లేదు. ఆ తర్వాత ఫిట్‌నెస్ చూసి ఐదేళ్లకోసారి పొడిగిస్తారు. 15 ఏళ్లు దాటిన కారుకు ఈ రెన్యువల్ ఫీజును 2022 ఏప్రిల్ నుంచి 600 రూపాయల నుంచి 5 వేలకు పెంచారు. 20 ఏళ్లు దాటితే 10 వేలని 2025లో నిర్ణయించారు. గ్రీన్ ట్యాక్స్ అదనం. రేపో మాపో 15 ఏళ్లు నిండే బండికి ఈ ఖర్చు కూడా రిపేరు పక్కనే రాసుకోవాలి.

టాక్సీగా తిరిగే బండికి లెక్క మళ్లీ వేరు. షెడ్డులో ఉన్న ప్రతిరోజూ కిరాయి పోతుంది, కిస్తు మాత్రం ఆగదు. అలాంటివాళ్లకు ఇరవై రోజుల బోరు పని కంటే, ఖర్చు ఎక్కువైనా మూడు రోజుల్లో వేరే ఇంజిన్ బిగించడం నయం కావచ్చు.

నీళ్లు మింగితే

కరవు జిల్లాలో వరద కష్టాలేంటి అనుకోవచ్చు. 2021 నవంబరులో చిత్రావతి ఎలా వచ్చిందో ఇక్కడివాళ్లు మరచిపోలేదు. చెన్నేకొత్తపల్లి మండలం వెల్దుర్తి దగ్గర వరదలో చిక్కుకున్న పది మందిని వాయుసేన హెలికాప్టర్ వచ్చి కాపాడింది. వంక మీద నీళ్లు పారుతుంటే ‘మోకాటి లోతే కదా’ అని కారు దించడం అన్నిటికంటే ప్రమాదం. మొదట మనుషులకు, తర్వాత ఇంజిన్‌కు.

గాలిని నొక్కితే కుదించుకుపోతుంది. నీళ్లు కుదించుకుపోవు. పైన చెప్పిన 1248 సీసీ ఇంజిన్లో నాలుగు సిలిండర్లు, ఒక్కోటి 312 సీసీ. పిస్టన్ పైకొచ్చినప్పుడు మిగిలే చోటు సుమారు 18 సీసీ. అంటే మూడు నాలుగు చెంచాల నీళ్లు పట్టేంత. అంతకు మించి నీళ్లు లోపలికి పోతే పిస్టన్‌కు పైకొచ్చే దారి ఉండదు. రాడ్డు వంగుతుంది. ఒక్కోసారి కొద్దిగానే వంగి, నీళ్లు ఆరాక బండి మామూలుగానే స్టార్ట్ అవుతుంది. కొన్ని నెలల తర్వాత ఆ వంగిన రాడ్డు విరిగి బ్లాకును చీలుస్తుంది. అందుకే నీళ్లలో ఆగిన బండికి తాళం తిప్పకూడదు. తోసి బయటకు తెచ్చి, పెట్రోలయితే ప్లగ్గులు, డీజిల్ అయితే ఇంజెక్టర్లు తీసి చేత్తో తిప్పితే లోపలి నీళ్లు బయటికొస్తాయి.

ఇన్సూరెన్స్ ఇస్తుందా? ఇక్కడే చాలామందికి చుక్కెదురవుతుంది. ఫుల్ ఇన్సూరెన్స్‌లో వరద నష్టం ఉంటుంది. కానీ నీళ్లలో ఆగిన బండిని మళ్లీ స్టార్ట్ చేయబోయి ఇంజిన్ పాడైతే అది వరద వల్ల నేరుగా జరిగిన నష్టం కాదని కంపెనీలు పక్కన పెడతాయి. ‘ఇంజిన్ ప్రొటెక్షన్’ అనే అదనపు కవరు తీసుకుంటేనే దానికి దిక్కు. నీళ్లు కారిపోయి వేడెక్కిన ధర్మవరం బండి కథలో మామూలు పాలసీ అసలు పనికిరాదు. మెకానికల్ బ్రేక్‌డౌన్‌ను అది కవర్ చేయదు.

క్లెయిము వచ్చే కేసయినా మొత్తం రాదు. లోహపు విడిభాగాల మీద బండి వయసును బట్టి తరుగు తీస్తారు. మూడు నాలుగేళ్ల బండికి 25 శాతం, ఐదు నుంచి పదేళ్ల బండికి 40 శాతం, పదేళ్లు దాటితే 50 శాతం. రబ్బరు, ప్లాస్టిక్ సామానుకు వయసుతో పనిలేకుండా సగం కోత. రిపేరు అంచనా ఐడీవీలో, అంటే పాలసీ మీద రాసిన బండి విలువలో 75 శాతం దాటితే దాన్ని టోటల్ లాస్‌గా లెక్కగట్టి ఐడీవీ ప్రకారం సెటిల్ చేస్తారు. ఐదు లక్షల ఐడీవీ ఉన్న బండికి ఆ గీత 3 లక్షల 75 వేల దగ్గర ఉంటుంది. సర్వేయర్ చూడకముందు ఇంజిన్ విప్పించారంటే మాత్రం ఆ క్లెయిము మీద ఆశ వదులుకోవాల్సి రావచ్చు.

వేరే ఇంజిన్ తెస్తే

హిందూపురానికి బెంగళూరు వంద కిలోమీటర్ల దూరం. అక్కడ శివాజీనగర్‌లో పాత సామాను దొరకని బండి ఉండదంటారు. ప్రమాదంలో వెనక నుంచి దెబ్బతిన్న కారు ఇంజిన్ దొరికితే అదృష్టమే. అయితే ధర కంటే ముందు అడగాల్సింది బిల్లు. ఆ ఇంజిన్ ఏ బండిదో, ఆ బండి ఆర్‌సీ ఏమైందో కాగితం ఉండాలి. పెనుకొండ వాళ్లకు ఇది వేరే చెప్పనక్కర్లేదు. కియా కర్మాగారం నుంచి ఐదేళ్లలో దాదాపు 900 ఇంజిన్లు మాయమయ్యాయన్న కేసు 2025లో బయటపడి ఊరంతా మాట్లాడుకుంది. బిల్లు లేని ఇంజిన్ చవగ్గా వచ్చిందంటే అది ఎక్కడి నుంచి వచ్చిందో కొన్నవాడు జవాబు చెప్పుకోవాల్సి వస్తుంది.

ఇంజిన్ మారితే దాని నంబరూ మారుతుంది. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం రవాణా శాఖకు తెలిపి ఆర్‌సీలో ఆ మార్పు రాయించుకోవాలి. అది చేయించకపోతే అమ్మేటప్పుడు చిక్కు, క్లెయిము అడిగేటప్పుడు అంతకంటే పెద్ద చిక్కు.

బండే వదిలించుకుందామనుకుంటే పాత ఇనుం కొనేవాళ్లకు తోసేసి చేతులు దులుపుకోవడం కుదరదు. ఆర్‌సీ రద్దు చేయించుకోనంతవరకు రికార్డుల్లో ఆ బండి యజమాని మీరే. దాని నంబరు ప్లేటు ఇంకెక్కడో ఇంకో బండికి ఎక్కితే పోలీసులు వచ్చేది మీ ఇంటికే. గుర్తింపు ఉన్న స్క్రాపింగ్ కేంద్రానికి ఇస్తే డిపాజిట్ సర్టిఫికెట్ ఇస్తారు. ఆర్‌సీ రద్దుకు అదే ఆధారం.

చేయించడానికే నిర్ణయించుకుంటే మేస్త్రీతో మాట అంచెలంచెలుగా ఉండాలి. హెడ్డు దించి చూపించడానికి ఇంత, చూశాక మళ్లీ మాట్లాడుకుందాం అని. తీసేసిన పాత సామాన్లు పారేయకుండా చూపించమనాలి. దీనికి మంచి మేస్త్రీలు నొచ్చుకోరు, వాళ్లే పిలిచి మరీ చూపిస్తారు. లేత్ వర్క్ బిల్లు విడిగా తీసుకోవాలి. రేడియేటర్, థర్మోస్టాట్, పైపులు ఇదే ఊపులో చూపించాలి. వేడెక్కడానికి కారణమైన పాత పైపే మళ్లీ బిగించి పంపితే లక్ష రూపాయల పని ఇంకో ఎండాకాలం కూడా నిలవదు.

కొత్తగా బోరు చేసిన ఇంజిన్‌కు మొదటి వెయ్యి కిలోమీటర్లు నెమ్మదే మందు. రింగులు గోడలకు కుదురుకోవాలి. ఒకే వేగంతో గంటల కొద్దీ నడపకూడదు, నిండా బరువు వేయకూడదు, ఆక్సిలేటర్ అదిమి తొక్కకూడదు. తర్వాత ఆయిలూ ఫిల్టరూ మార్పించాలి. కాబట్టి బండి షెడ్డులోంచి రాగానే ఇంటిల్లిపాదీ ఎక్కి తిరుమల బయల్దేరకండి. ధర్మవరం నుంచి పెనుకొండకు, పెనుకొండ నుంచి హిందూపురానికి నాలుగు రోజులు ఖాళీగా తిప్పి, పొద్దున్నే ఓసారి ఆయిల్ పుల్ల తీసి రంగు చూసుకుంటే చాలు.